పన్నెండా, ఇరవయ్యొకటా

తొమ్మిదో పెట్టెలోని పాత పొట్టును సంచిలోకి దులిపి, అడుగున పట్టిన మరకను రేకు గరిటెతో గీకుతోంది చెవులక్క. ఆ పెట్టెలో ఉండాల్సిన ఎలుక బల్లమీద, ఆమె ఎడమ అరచేతి కింద ఉంది. ఆమె దాన్ని పట్టుకోలేదు, వీపుమీద చెయ్యి ఆనించి ఉంచిందంతే. అది బుద్ధిగా కూర్చుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎలుకను పిడికిట్లో బిగిస్తారు, కరిపించుకుంటారు, ఆపైన తప్పు ఎలుకదంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆమె ఈ తంతు చూస్తూనే ఉంది.

చేతులకు రెండేసి తొడుగులు, తలకు టోపీ, మూతికి ముసుగు, వీపున ముడివేసే నీలం గౌను. ఇంత మూటలోనూ బయటికి కనిపించేవి కళ్ళు రెండే. ఆవిడ ఎలా ఉందో తెలుసుకోడానికి అవి చాలు. ఇవాళ పొద్దుటినుంచీ ఆ కళ్ళకు ఎదురుపడకుండా అందరూ పక్క తలుపులోంచి తిరుగుతున్నారు.

కారణం తలుపుకు అంటించిన కాగితం. ‘మూడో ర్యాకులోని పదిహేను మగ ఎలుకలను నేటి మధ్యాహ్నం రెండు గంటలలోగా తొలగించవలెను.’ కింద డైరెక్టరు సంతకం. తొలగించడమంటే చంపడం. ఈ భవనంలో చంపడమనే మాట ఎవరి నోటా రాదు. తొలగిస్తారు, ముగిస్తారు, ఖాళీ చేస్తారు. ఏమన్నా సరే, గ్యాసు తొట్టి దగ్గర నిలబడి మర తిప్పేది మాత్రం చెవులక్కే.

“సంతకం పెట్టే చెయ్యి ఒకటీ, మర తిప్పే చెయ్యి ఇంకోటీనా?” అంది అరచేతి కింది ఎలుకతో. “ఇదెక్కడి న్యాయమే?”

చెవులక్క అనేది ఆమె పేరు కాదు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. ఎలుకపిల్లలకు మూడు వారాలు నిండాక తల్లినుంచి వేరుచేసే రోజున చెవికి గాటు పెట్టడం ఆమె పని. కుడిచెవి అంచున ఒక గాటు పెడితే ఒకటి, రెండు పెడితే రెండు, మూడు పెడితే మూడు. ఎడమచెవికైతే అవే పది, ఇరవై, ముప్ఫై. ఎడమచెవికి ఒకటీ కుడిచెవికి రెండూ ఉంటే ఆ ఎలుక నంబరు పన్నెండు. రంగు పూస్తే నాకేసుకుంటాయి, చీటీ కడితే కొరికేసుకుంటాయి. చెవి గాటు మాత్రం చచ్చేదాకా పోదు. గాటు పెట్టే పంచ్ నొక్కీ నొక్కీ ఆమె కుడిచేతి బొటనవేలు కణుపు దగ్గర పక్కకు వంగిపోయింది. కళ్ళద్దాలు లేకపోతే బస్సు బోర్డు చదవలేదు గానీ, చెవిని మూరెడు దూరంనుంచి ఠక్కున చదివేస్తుంది.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, పెళ్ళయిన చాన్నాళ్ళకు పెట్టెలు కడగడానికి ఇక్కడికి వచ్చింది. అప్పటి పెద్ద సైంటిస్టు దగ్గరుండి గాట్ల పని నేర్పాడు. ఆయన పోయాడు, ఆయన తర్వాత వచ్చినవాళ్ళూ ఒక్కొక్కరే బదిలీలమీదో పెద్ద ఉద్యోగాలమీదో వెళ్ళిపోయారు. ఎలుకల గదిలో మిగిలింది ఎలుకలూ చెవులక్కా. ఎలుకలైనా రెండేళ్ళకోసారి మారతాయి.

మూడో ర్యాకువి పుట్టుకతోనే రక్తపోటు ఉన్న ఎలుకలు. అన్నాచెల్లెళ్ళను జతకట్టి, వాటికి పుట్టిన అన్నాచెల్లెళ్ళను మళ్ళీ జతకట్టి, అలా తరాల తరబడి చేస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు పుడతాయి. పరిశోధనకు అదే కావాలి. ‘వావీ వరసా లేని సంత’ అని ఆమె వాటిని తిడుతుంది, తిడుతూనే ఎండాకాలం వాటి నీళ్ళ సీసాలు రోజుకు రెండుసార్లు మారుస్తుంది. ఈ వంశంలో పుట్టినవాటికి నెలలు పెరిగేకొద్దీ పోటు పెరుగుతుంది, మూత్రపిండాలు చెడతాయి, ఏడాది దాటితే ఎక్కువకాలం ఉండవు.

మూడేళ్ళ కిందట చిన్న డాక్టరు వచ్చింది. రోగులను చూసే డాక్టరు కాదు, జన్యువుల మీద పరిశోధన చేసే డాక్టరు. ఇంకా ముప్ఫై నిండలేదు కాబట్టి చిన్న డాక్టరయింది. ఈ వంశంలో ఒకానొక జన్యువులో ఒక్క అక్షరం తప్పుపడిందనీ, పిండంగా ఉన్నప్పుడే జన్యు కత్తెరతో దాన్ని దిద్దితే పోటు తగ్గి తీరాలనీ ఆ అమ్మాయి పట్టు. “పుస్తకం అచ్చవకముందే అచ్చుతప్పు దిద్దినట్టు అక్కా” అని చెప్పింది. చెవులక్కకు అది బాగా నచ్చింది.

దిద్దిన ఎలుకకు పుట్టిన పిల్లల్లో కొన్నిటికి దిద్దుబాటు వచ్చింది, కొన్నిటికి రాలేదు. ఏది దిద్దినదో ఏది కాదో చూస్తే తెలియదు. అందుకని గాటు పెట్టిన రోజునే చెవులక్క ఒక్కోదాని తోక కొస కత్తిరించి, నంబరు రాసిన గొట్టంలో వేసి పరీక్షకు పంపింది. ఆ తర్వాత మూడు నెలలపాటు చిన్న డాక్టరు వాటిని వారం వారం పై అంతస్తుకు తీసుకెళ్ళి రక్తపోటు చూసింది. చివరికి రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే ఎటూ తేలలేదు. దిద్దినవాటిలో కొన్నిటికి పోటు తగ్గింది, కొన్నిటికి తగ్గలేదు. ఏ దిద్దుబాటూ లేనివాటిలో కూడా కొన్నిటికి హాయిగా తగ్గింది! కత్తెర పనిచెయ్యలేదని డైరెక్టరు తేల్చేశాడు. నిధులిచ్చేవాళ్ళకు పోయిన వారమే ఉత్తరం రాసేశాడు. రేపు వేరే వంశం దిగుతోంది, దానికి ఈ ర్యాకు కావాలి. ఈ పదిహేనూ పోతే మూడేళ్ళ పని మళ్ళీ మొదటికి వస్తుంది. మళ్ళీ మొదలుపెట్టనిచ్చేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

పన్నెండున్నరకు మెట్లమీద కూర్చుని డబ్బా విప్పుతుంటే భర్త ఫోన్ చేశాడు. ఆయనది గడియారాలు బాగుచేసే దుకాణం. రోజూ ఈ వేళకు ఫోన్ చేసి, తిన్నావా అని అడిగి పెట్టేస్తాడు.

“ఏంటి, గొంతు అలా ఉంది?”

“పదిహేనిటిని తొట్లో వెయ్యాలి ఇవాళ.”

“ఎప్పుడూ చేసేదేగా.”

“చేసేదే. ఏదో ఒకటి తేల్చి పోతే పర్లేదు. ఇవి ఉత్తపుణ్యానికి పోతున్నాయి, అదే నా కడుపుమంట.”

“అవేమన్నా నీ తోడబుట్టినవాళ్ళా?”

“నీకంటే నయం. పెట్టింది తిని నోరు మూసుకుంటాయి.”

ఆయన నవ్వాడు. నవ్వి, “ఎవరితోనూ పెట్టుకోకు. ఇంకో రెండేళ్ళు నోరు కట్టేసుకున్నావంటే గౌరవంగా దండేసి పంపిస్తారు” అన్నాడు. సరేలే అంది. ఆ మాట నిజంగానే అంది పాపం.

రెండు కావడానికి పది నిమిషాలుండగా పెట్టెలను బండిమీద పెట్టి గ్యాసు గదికి తోసుకెళ్ళింది. చిన్న డాక్టరు అప్పటికే అక్కడ ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, చేతిలో జాబితా ఉంది. ఒక్కో ఎలుకా తొట్టిలోకి వెళ్ళగానే నంబరు చూసి గీత కొట్టాలి. గాజు తొట్టి బల్లమీద ఉంది, పక్కన సిలిండరు, సిలిండరు మెడకు మర తిప్పే తాళంచెవి. ఈ గదిలో చెవులక్క కబుర్లు చెప్పదు, ఎవరినీ చెప్పనివ్వదు. మొదటి ఎలుకను రెండు చేతులతో ఎత్తి, చెవులు ఒకసారి చూసుకుని, తొట్టిలో దించింది. చిన్న డాక్టరు వంగి, గాజులోంచి దాని మొహంలోకి చూసింది.

“ఇరవయ్యొకటి” అంది ముక్కు ఎగబీలుస్తూ, గీత కొట్టబోయింది.

“కాదమ్మా, పన్నెండు.”

“ఇరవయ్యొకటే అక్కా. కుడిచెవికి ఒకటి, ఎడమచెవికి రెండు.”

“ఎవరి కుడి?”

“అంటే?”

“నీ కుడా, దాని కుడా?”

చిన్న డాక్టరు తన కుడిచెయ్యి కాస్త ఎత్తింది, తొట్టిలోని ఎలుకను చూసింది, చెయ్యి అలాగే ఉంచేసింది. పై అంతస్తులో పోటు ఎలా తీస్తారో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకు అక్కడ పనిలేదు. ఎలుకలను చీటీల్లేని మోత పెట్టెల్లో లిఫ్టు దగ్గర అప్పగిస్తుంది, లిఫ్టు దగ్గరే తిరిగి తీసుకుంటుంది.

“పైన పోటు తీసేటప్పుడు ఇది ఎటు తిరిగి ఉంటుందమ్మా?”

“గొట్టంలో పెడతాను. తోకకు పట్టీ వెయ్యాలి కదా, తోక మిషను వైపుంటుంది. మిషను గోడకి ఆనించి ఉంది.” మాట తడబడింది. “మొహం నా వైపుంటుంది. నేను చదువుకున్న చోట కూడా మొహం చూసే చదివేవాళ్ళం అక్కా. గాట్లు కూడా అట్నుంచే పెట్టేవాళ్ళు. ఇక్కడ వేరేగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.”

“నేను వీపు నావైపు పెట్టుకుని గాటు పెడతా. చదివేదీ అలాగే. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.”

అంతే సంగతి. తోక కొసలు వెళ్ళింది చెవులక్క నంబర్లతో, రక్తపోటు పట్టిక ఎక్కింది చిన్న డాక్టరు నంబర్లతో. పన్నెండు ఇరవయ్యొకటయింది, ఇరవయ్యొకటి పన్నెండయింది. ఒకటి పదయింది, పదమూడు ముప్ఫయ్యొకటయింది. రెండు చెవులకూ సమానంగా గాట్లున్న పదకొండూ ఇరవైరెండూ ముప్ఫైమూడూ మాత్రం ఎటునుంచి చూసినా అవే. పదిహేనిటిలో పన్నెండు ఒకదాని పేరు ఒకటి మోస్తూ మూడు నెలలు తిరిగాయి.

“నీ పుస్తకం తీసుకురా. అందులో బరువులు రాశావా?”

“పోటు తీసిన ప్రతి సోమవారమూ రాశాను.”

“నేనూ సోమవారం సోమవారం పెట్టెమీద చీటీలో రాస్తాను. పో, పరుగెత్తు!”

చిన్న డాక్టరు వెళ్ళిన రెండో నిమిషంలో డైరెక్టరు వచ్చాడు. మంచి బట్టల్లో ఉన్నాడు. గ్యాసు గది గడప దాటి లోపలికి రావడం ఆయనకు ఇష్టం ఉండదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

“ఏమ్మా, ఇంకా కాలేదా?”

“కాలేదు సార్. కాదు కూడా. నంబర్లు తారుమారయ్యాయి.”

“అవన్నీ తర్వాత చూద్దాం. ముందు తిప్పు.”

“తిప్పను సార్.”

తను సరిగా వినలేదేమో అనుకున్నాడాయన. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఈ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు, అన్నది ఆమేనని ఆమెకే కాస్త ఆశ్చర్యంగా ఉంది. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

“ఆర్డరు నేనిచ్చాను. నువ్వు తిప్పకపోతే నేనే తిప్పుకుంటాను, జరుగు.”

చెవులక్క సిలిండరు మెడకున్న తాళంచెవి ఊడలాగి గౌను జేబులో వేసుకుంది.

“ఈ చెవి కూడా నా దగ్గరే ఉంటుంది సార్” అంది.

ఆయన మొహం కందగడ్డ అయింది. ఉద్యోగం మాట ఎత్తాడు, క్రమశిక్షణ మాట ఎత్తాడు, ఎనిమిదో తరగతి మాట కూడా ఎత్తాడు. ఆ చివరిది ఎత్తకుండా ఉండాల్సింది. ఆమె తొట్టి మూత తీసి పన్నెండును చేతుల్లోకి తీసుకుని నిలబడింది. అది ఆమె మోచేతి వంపులోకి దూరి మీసాలు దువ్వుకోవడం మొదలెట్టింది. ఈ గొడవంతా తన గురించేనని దానికేం తెలుసు!

చిన్న డాక్టరు రొప్పుతూ వచ్చి పుస్తకం బల్లమీద పరిచింది. చెవులక్క బండిమీది పెట్టెలనుంచి చీటీలు పీకి ఒక్కొక్కటీ చదివింది. పోయిన సోమవారం, పన్నెండు: చీటీలో మూడు వందల నలభై రెండు గ్రాములు. పుస్తకంలో పన్నెండుకు రెండు వందల తొంభై ఎనిమిది. పుస్తకంలో ఇరవయ్యొకటికి మూడు వందల నలభై రెండు. ఒక్క రోజులో ఏ ఎలుకా అంత చిక్కిపోదు. పదకొండు రెండుచోట్లా ఒకటే. ముప్ఫైమూడూ ఒకటే. ఒకటి దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పదితో తారుమారు.

డైరెక్టరు గడప దాటి లోపలికి వచ్చాడు. ఎంతైనా చదువుకున్నవాడు, చిన్న డాక్టరు చేతిలోంచి పెన్ను లాక్కుని జాబితా వెనకవైపు తనే లెక్క తిరగరాశాడు. దిద్దినవి ఎనిమిది. ఎనిమిదింటికీ పోటు తగ్గింది. దిద్దనివి ఏడు. ఒక్కదానికీ తగ్గలేదు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చిన్న డాక్టరు ఏడుస్తూ నవ్వుతూ చెవులక్కను వాటేసుకోబోయి, మధ్యలో ఎలుక ఉందని ఆగిపోయింది.

“వీటిని వెనక్కి తీసుకెళ్ళండి” అన్నాడాయన. “రేపు తోకలు మళ్ళీ పరీక్షకు పంపుదాం.” ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

నాలుగింటికి ఇద్దరినీ తన గదికి పిలిపించాడు. ఇప్పుడు నిధులిచ్చేవాళ్ళకు ఇంకో ఉత్తరం రాయాలి. కత్తెర పనిచెయ్యలేదని వారం కిందట రాసినవాడు, చక్కగా పనిచేసిందని ఇవాళ రాయాలంటే మధ్యలో ఏం జరిగిందో చెప్పాలి. చెప్పడానికి ఒక కాగితం సిద్ధం చేసి ఉంచాడు. చెవులక్క దాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. ‘చెవి గుర్తులు వేయుటలో జంతుశాల సిబ్బంది వలన జరిగిన పొరపాటు.’ కింద ఆమె సంతకానికి ఖాళీ.

“సంతకం పెట్టేయమ్మా” అన్నాడు, చాలా మెత్తగా. “మధ్యాహ్నం జరిగింది నేను మర్చిపోతాను. రెండేళ్ళు నీ పని నువ్వు చేసుకో.”

“ఇందులో నా చెవులు తప్పని ఉంది సార్.”

“ఒక్క వాక్యం. దాన్నెవరు చదువుతారు?”

“నేను చదివాను కదా.”

“సార్, నేను పెడతాను” అంది చిన్న డాక్టరు. “తప్పుగా చదివింది నేను. నా తప్పని రాయండి.”

“నువ్వు నోరు మూసుకో అమ్మా” అంది చెవులక్క. “నీకింకా ముప్ఫయ్యేళ్ళ పని ఉంది. మొదట్లోనే పేరు పాడుచేసుకుంటావా?” డైరెక్టరు వైపు తిరిగింది. “ఈ పిల్ల తప్పనీ రాయకండి సార్, నా తప్పనీ రాయకండి. ఇద్దరం చెరోవైపునుంచి చూశామని రాయండి. ఎటునుంచి చూడాలో ఇక్కడ ఎవరూ రాసిపెట్టలేదని కూడా రాయండి. ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతాను.”

“అలా రాస్తే అది నా మీదికొస్తుంది.”

“రానివ్వండి సార్. మీ భుజాలు నాకంటే వెడల్పుగానే ఉన్నాయి.”

అది అనకుండా ఉండాల్సిందని ఆమెకు అప్పుడే తెలుసు. తెలిసీ అంది. అన్నాక ప్రాణానికి ఎంత సుఖంగా ఉందో చెప్పలేం. ఆయన కాగితం లాక్కుని సొరుగులో పెట్టాడు. సొరుగులోంచి ఇంకోటి తీశాడు. అధికారి ఆజ్ఞను ధిక్కరించినందున నేటినుంచి విధులకు రానక్కరలేదన్న కాగితం. అదీ సిద్ధంగానే ఉంది. దీనిమీద మాత్రం ఆమె చకచకా సంతకం చేసేసింది, ఎందుకంటే అందులో రాసింది అక్షరాలా నిజం.

“ధిక్కరించాను సార్. మళ్ళీ చెప్పినా మళ్ళీ ధిక్కరిస్తా” అంది లేచి నిలబడి. “నీళ్ళ సీసాలు మార్చి వెళ్తాను.”

పదిహేను పెట్టెలకూ సీసాలు మార్చింది. మేత బిళ్ళలు నింపింది. తొమ్మిదో పెట్టె మూత సరిగా పట్టడం లేదని రెండుసార్లు నొక్కి చూసింది. తాళంచెవి తీసుకెళ్ళి సిలిండరుకే తగిలించింది, దొంగతనం అంటగడతారని. బట్టలు మార్చుకునే గదిలో గౌను విప్పి, టోపీ తీసి, ముసుగు తియ్యబోయేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ముసుగు ఉంచుకునే ఏడ్చేసింది. అదెలాగూ పారేసేదే. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ గదిలోకి నడిచొచ్చిన కాళ్ళు, రేపు పొద్దున ఎటు తీసుకెళ్ళాలో వాటికి ఎవరు చెబుతారు? కాసేపయ్యాక మొహం కడుక్కుని భర్తకు ఫోన్ చేసింది.

“దండ లేదు” అంది.

ఫోన్లో గడియారాల చప్పుడు వినిపించింది.

“వాటి సంగతేమయింది?”

“బతికాయి. పదిహేనూ.”

“అయితే ఇంటికి రా. ఎవడి దండ ఎవడికి కావాలి!”

మర్నాడు పొద్దున్నే చిన్న డాక్టరు పన్నెండును లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్ళింది. ఎలుకల గదిలో కొత్త మనిషి ఇంకా చేరలేదు, పెట్టె తనే మోసుకొచ్చింది. దీపం వేసి, గొట్టం తీసి, మిషను దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. మేత బిళ్ళలొచ్చే డబ్బా అట్ట ఒకటి కత్తిరించి, మిషను పైన గోడకు టేపుతో అంటించి ఉంది. రాత్రి కాపలావాడిని అడిగితే, పెద్దావిడ వెళ్ళిపోతూ అయిదు నిమిషాలు పైకి వెళ్ళొస్తానందనీ, మెట్లెక్కి రొప్పుతుంటే నీళ్ళిచ్చాననీ చెప్పాడు. అట్టమీద నల్ల మార్కరుతో గీసిన ఎలుక, మొహం లేదు, గుండ్రటి వీపూ తోకా రెండు చెవులూ మాత్రమే, కుడిచెవి పక్కన ఒకటి రెండు మూడు, ఎడమచెవి పక్కన పది ఇరవై ముప్ఫై, కింద ఎనిమిదో తరగతి దస్తూరీలో పెద్ద అక్షరాలు: ‘ఇటునుంచి చూసి అప్పుడు మాట్లాడండి.’